మొదటి ఇంజెక్షన్‌కు ముందే తేల్చుకోవలసిన లెక్కలు

మీరు రాసిన వివరాలు ఇవి: మీ వయసు 33, పెళ్లయి ఆరేళ్లు, ఏఎంహెచ్ (అండాల నిల్వను సూచించే రక్తపరీక్ష) 1.1, ఖమ్మంలో చేయించుకున్న రెండు ఐయూఐలు (వీర్యాన్ని నేరుగా గర్భాశయంలోకి ఎక్కించడం) ఫలించలేదు, హైదరాబాద్‌లోని ఒక సంతాన సాఫల్య కేంద్రం 1,60,000 రూపాయలకు ఐవీఎఫ్ (అండాన్ని ల్యాబ్‌లో ఫలదీకరించి పిండాన్ని గర్భాశయంలో ఉంచడం) ప్యాకేజీ చెప్పింది. చేతిలో మూడు లక్షలున్నాయి, ఇద్దరి జీతాలు కలిపి నెలకు 70 వేలు, మీ ఆడపడుచు మరో రెండు లక్షలు సర్దుతానంటున్నారు, అత్తగారు ఆలస్యం వద్దంటున్నారు. డబ్బు పరంగా, మనసు పరంగా సిద్ధమయ్యామో లేదో ఎలా తెలుస్తుందని అడిగారు. సంతాన సాఫల్య కేంద్రాల్లో కౌన్సెలర్‌గా చాలా ఏళ్లు దంపతులతో కూర్చున్న అనుభవంతో జవాబు రాస్తున్నాను. మందులు, మోతాదుల సంగతి మీ డాక్టరుగారిదే; నేను దాని చుట్టూ ఉన్నవాటి గురించి చెబుతాను.

ముందుగా ఒక్క మాట. ఎంత డబ్బు పోగయ్యాక మొదలుపెట్టాలన్న దానికన్నా, ఎంత ఖర్చయ్యాక, ఎన్ని ప్రయత్నాలయ్యాక ఆగాలన్నది ముందు తేల్చుకోవాలి. ఆ అంకెను మొదటి ఇంజెక్షన్‌కు ముందే, ఇద్దరూ కూర్చుని, కాగితం మీద రాసుకోవాలి. నెగెటివ్ రిపోర్టు చేతికొచ్చిన వారంలో ఎవరి బుద్ధీ స్థిమితంగా పనిచేయదు. ఆ వారంలోనే చాలామంది ఉన్న నగలన్నీ తాకట్టు పెట్టి రెండో సైకిల్‌కు, అంటే మరో విడత చికిత్సకు, డబ్బు కట్టేస్తారు, లేదా ఇంకో అవకాశం బాగానే ఉన్నా నిస్పృహతో ఫైలు మూసేస్తారు. రెండూ దుఃఖంలో తీసుకున్న నిర్ణయాలే. అందుకే డబ్బు లెక్కను, మనసు లెక్కను నేను విడదీసి చూడను.

ఇక ఆ 1,60,000 సంగతి. ప్యాకేజీ అన్నది ఆసుపత్రి చెప్పే ధరే గానీ మీకయ్యే మొత్తం ఖర్చు కాదు. సాధారణంగా అందులో ఎగ్ పికప్ (అండాలను బయటకు తీయడం), ల్యాబ్ పని, ఒక ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భాశయంలో ఉంచడం) ఉంటాయి. ఇంజెక్షన్లు, రక్తపరీక్షలు, కొన్నిచోట్ల మత్తు డాక్టరు ఫీజు, ఇక్సీ (ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని నేరుగా ఎక్కించడం), పిండాలను ఫ్రీజ్ చేయడం, వాటి వార్షిక నిల్వ రుసుము, తర్వాత చేసే ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్ వేరే బిల్లులుగా వస్తుంటాయి. మీ ఏఎంహెచ్ కొంచెం తక్కువ కాబట్టి ఇంజెక్షన్ల మోతాదు ఎక్కువ కావచ్చు. అప్పుడు మందులకే 60 వేల నుంచి లక్ష దాకా, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ అవుతుంది. ఫ్రోజెన్ ట్రాన్స్‌ఫర్‌కు మందులతో కలిపి మరో 50 నుంచి 80 వేలు అనుకోండి. అందుచేత మీ లెక్క 1,60,000 దగ్గర కాకుండా మూడు, మూడున్నర లక్షల దగ్గర మొదలుకావాలి. ప్యాకేజీలో లేనివేమిటో, ఒక్కొక్కదానికి ఎంతో ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద రాసిమ్మని అడగండి. మొహమాటపడవలసిన పని లేదు. ఇవ్వడానికి నసిగే చోట బిల్లు కూడా అలాగే పెరుగుతుంది.

ఇంకో ప్రశ్న తప్పక అడగాలి: సైకిల్ మధ్యలో ఆగిపోతే ఎంత వెనక్కి ఇస్తారు? అండాలు సరిగా పెరగక పికప్ దాకా వెళ్లకుండానే ఆపేయవలసి రావచ్చు. అండాశయాలు మరీ ఎక్కువగా స్పందిస్తే, పొట్టలో నీరు చేరే ప్రమాదం ఉందని ట్రాన్స్‌ఫర్ వాయిదా వేసి పిండాలన్నీ ఫ్రీజ్ చేస్తారు. ఏఎంహెచ్ తక్కువగా ఉన్నవారికి ఈ రెండోది అరుదు, మొదటిది అంత అరుదు కాదు. ఏ దశలో ఆగితే ఎంత కోత అన్నది ముందే తెలిసి ఉండాలి.

అండాల లెక్క కూడా ముందే తెలిసి ఉంటే గుండె కొంత గట్టిపడుతుంది. స్కాన్‌లో ఎనిమిది ఫాలికిల్స్ (అండాలు పెరిగే చిన్న నీటి సంచులు) కనిపించాయనగానే ఇంట్లో ఎనిమిది అవకాశాలున్నాయనుకుంటారు. ఎనిమిది అండాలు చేతికొస్తే అందులో పక్వమైనవి ఆరు ఉండవచ్చు, ఫలదీకరణ చెందేవి నాలుగు, ఐదో రోజుకు బ్లాస్టోసిస్ట్ దశకు (పిండం బాగా ఎదిగిన దశకు) చేరేవి రెండు. ఇది ప్రమాదం కాదు, అందరి ల్యాబ్‌లోనూ మామూలుగా జరిగేదే. అయితే పికప్ మరునాడు ల్యాబ్ నుంచి ఫోన్ వచ్చి "నాలుగు ఫలదీకరణ చెందాయి" అంటే, ముందే తెలియని అమ్మాయి మిగతా నాలుగింటి కోసం ఏడుస్తుంది. ఆ రెండు బ్లాస్టోసిస్టుల్లో ఒకదాన్ని ట్రాన్స్‌ఫర్ చేసినా మీ వయసులో ప్రసవం దాకా వెళ్లే అవకాశం మంచి కేంద్రాల్లో కూడా స్థూలంగా మూడింట ఒక వంతు, లేదా దానికి కాస్త ఎక్కువ. అంటే మొదటి ట్రాన్స్‌ఫర్ ఫలించకపోవడమే ఎక్కువ సంభావ్యం. ఆసుపత్రి "70 శాతం సక్సెస్" అని బోర్డు పెడితే, దేనిని సక్సెస్ అంటున్నారో అడగండి: రక్తపరీక్ష పాజిటివ్ రావడమా, స్కాన్‌లో గుండె కొట్టుకోవడమా, బిడ్డ ఇంటికి రావడమా? మీ వయసువారిలో ఎంతమంది బిడ్డతో ఇంటికెళ్లారన్నదే మీకు కావలసిన సంఖ్య.

ఏఎంహెచ్ 1.1 అని చూసి బెంబేలెత్తకండి. అది అండాల సంఖ్యను సూచిస్తుంది, నాణ్యతను కాదు. నాణ్యత విషయంలో వయసే పెద్ద సూచిక, 33 అంత ఆందోళనపడే వయసు కాదు. డబ్బు కూర్చుకోవడానికి మూడు నాలుగు నెలలు ఆగితే సాధారణంగా పెద్ద నష్టమేమీ ఉండదు, మూడేళ్లు ఆగితే ఉంటుంది. మీ విషయంలో ఎంతవరకు ఆగవచ్చో మీ డాక్టరుగారినే సూటిగా అడగండి.

ఇప్పుడు మీ మూడు లక్షలు. అందులోంచి మూడు నెలల ఇంటి ఖర్చు తీసి పక్కన పెట్టండి. అద్దె, ఉన్న ఈఎంఐలు, సరుకులు కలిపి నెలకు 40 వేలనుకుంటే 1,20,000. దాన్ని చికిత్సకు ముట్టుకోకూడదు. మిగిలిన 1,80,000 ఒక పూర్తి సైకిల్‌కు చాలదు, అందుకే ఈ నెలే మొదలుపెట్టవద్దని నా సలహా. ఇద్దరి జీతాల్లోంచి నెలకు 25 వేలు మిగల్చగలిగితే నాలుగు నెలల్లో మరో లక్ష చేరుతుంది, మిగతా తేడాకు చిన్న మొత్తం అప్పు సరిపోతుంది. అలాగే చాలామంది మరచిపోయే ఖర్చు ఒకటుంది: చికిత్స ఫలించాక అయ్యేది. గర్భం నిలిస్తే మొదటి మూడు నెలల మందులు, స్కాన్‌లు, కాన్పు ఖర్చు అన్నీ వస్తాయి. కవలలైతే నెలలు నిండకుండా కాన్పయ్యే అవకాశం బాగా పెరుగుతుంది, అప్పుడు పిల్లలను రోజుల తరబడి ఎన్‌ఐసీయూలో (పసికందుల ఐసీయూలో) ఉంచవలసి వస్తే ప్రైవేటు ఆసుపత్రిలో ఆ బిల్లు మీ ఐవీఎఫ్ బిల్లును మించిపోవచ్చు. "ఒకే ఖర్చుతో ఇద్దరు పిల్లలు" అని సరదాగా అనేవారుంటారు. మంచి బ్లాస్టోసిస్ట్ ఉన్నప్పుడు ఒక్కదాన్నే ట్రాన్స్‌ఫర్ చేయించుకోవడం ఆరోగ్యానికీ, డబ్బుకీ క్షేమమని నా అభిప్రాయం.

ఖమ్మం నుంచి హైదరాబాద్ ప్రయాణాలు కూడా లెక్కలోకి రావాలి. ఇంజెక్షన్లు నడిచే పది పన్నెండు రోజుల్లో రెండు మూడు రోజులకోసారి స్కాన్ ఉంటుంది. ట్రిగర్ ఇంజెక్షన్ (అండాలను చివరిగా పక్వం చేసేది) నిర్ణయించిన సమయానికి పడాలి, దాని తర్వాత 34 నుంచి 36 గంటలకు పికప్ చేస్తారు, అందులో ఆలస్యానికి వీలుండదు. మధ్యలో స్కాన్‌లు ఖమ్మంలోనే చేయించుకుని రిపోర్టు పంపడానికి ఒప్పుకుంటారేమో అడగండి. చాలా కేంద్రాలు ఒప్పుకుంటాయి. పికప్ ముందు మూడు నాలుగు రోజులు మాత్రం హైదరాబాద్‌లో బంధువుల ఇంట్లోనో, అద్దె గదిలోనో ఉండడం మేలు.

అప్పు ఎక్కడ తీసుకోవాలన్నది సున్నితమైన విషయం. మీ ఆడపడుచుగారు మంచి మనసుతోనే ఇస్తున్నారని నమ్ముతున్నాను. కానీ మన కుటుంబాల్లో డబ్బు ఇచ్చినవారికి ఫలితం అడిగే హక్కు కూడా వచ్చినట్టే ఉంటుంది. ట్రాన్స్‌ఫర్ అయిన తొమ్మిదో రోజున "ఏమైంది వదినా?" అని ఆమె ఫోన్ చేస్తే మీరు కాదనలేరు. అలాంటి ఒత్తిడి భరించగలననుకుంటేనే తీసుకోండి, తీసుకుంటే తిరిగి ఇచ్చే తేదీ చెప్పి అప్పుగానే తీసుకోండి. నన్నడిగితే, బ్యాంకులో బంగారం మీద తీసుకునే రుణం మనసుకు తేలిక. వడ్డీ సాధారణంగా పర్సనల్ లోన్ కన్నా తక్కువ, వీలైనప్పుడు కొంత కొంత కట్టవచ్చు, ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర లేదు. పుట్టింటివారు పెట్టిన నగలైతే అది మీ సొత్తు. తాకట్టు పెట్టే నిర్ణయం మీదే కావాలి, విడిపించే బాధ్యత ఇద్దరిదీ కావాలి. చీటీ వేసి ఉంటే, ఎక్కువ తగ్గింపుకు పాడుకోవడం కన్నా మూడు నాలుగు నెలలు ఆగడం లాభం. ఆసుపత్రి రిసెప్షన్‌లోనే దొరికే "జీరో వడ్డీ ఈఎంఐ" మీద సంతకం చేసేముందు ప్రాసెసింగ్ ఫీజెంతో చూడండి. ఆ ఒప్పందం ఫైనాన్స్ కంపెనీతో గాని ఆసుపత్రితో కాదు. సైకిల్ ఆగిపోయినా కిస్తీలు ఆగవు. "ఫలించకపోతే డబ్బు వాపసు" ప్యాకేజీల షరతులు మరీ జాగ్రత్తగా చదవాలి. కొన్నిటిలో రక్తపరీక్ష ఒకసారి పాజిటివ్ వచ్చి తర్వాత గర్భం పోయినా దాన్ని ఫలించినట్టే లెక్కగడతారు.

ఆరోగ్య బీమా మీద ఆశ పెట్టుకోకండి. వంధ్యత్వ చికిత్సను మినహాయించడం మన దేశంలో బీమా పాలసీల్లో ప్రామాణిక నిబంధనగానే ఉంది. ఎక్కువ ప్రీమియంతో, నిరీక్షణ కాలంతో దాన్ని కవర్ చేసే పాలసీలు కొన్ని వచ్చాయి. మీవారి కంపెనీ గ్రూప్ పాలసీలో ఏమైనా పరిమితి మేరకు ఉందేమో హెచ్ఆర్‌ను అడగడంలో నష్టం లేదు. సికింద్రాబాద్ గాంధీ ఆసుపత్రిలో 2023లో ప్రభుత్వం ఐవీఎఫ్ కేంద్రాన్ని ప్రారంభించింది. ఒకసారి స్వయంగా వెళ్లి, అక్కడ ఇప్పుడు ఏయే సేవలు అందుతున్నాయో, ఎంతకాలం ఆగవలసి వస్తుందో కనుక్కున్నాకే ప్రైవేటుకు డబ్బు కట్టండి.

కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు ఒక్క విషయంలో రాజీ పడవద్దు. 2021లో వచ్చిన ఏఆర్‌టీ (సహాయక సంతానోత్పత్తి సాంకేతికత) నియంత్రణ చట్టం ప్రకారం ఐవీఎఫ్ చేసే ప్రతి కేంద్రమూ నమోదై ఉండాలి. ఐయూఐకి లెవల్ 1, ఐవీఎఫ్‌కు లెవల్ 2. ఆ సర్టిఫికెట్ గోడ మీద కనబడాలి, కనబడకపోతే అడిగి చూడండి. 2025 జూలైలో సికింద్రాబాద్‌లో ఒక కేంద్రం మీద పోలీసులు కేసు పెట్టిన సంగతి మీరు వార్తల్లో చూసే ఉంటారు. సరోగసీ (మరొక స్త్రీ గర్భంలో బిడ్డను మోయించడం) అని నమ్మించి, లక్షలు తీసుకుని, వేరేవారి బిడ్డను అప్పగించారన్నది అక్కడి ఆరోపణ. వాణిజ్య సరోగసీ మన దేశంలో నిషిద్ధం. "అన్నీ మేము చూసుకుంటాం, మీరు డబ్బు కట్టి వెళ్లండి" అనే చోటి నుంచి లేచి వచ్చేయడమే మంచిది.

అదనపు పరీక్షలు, అదనపు చికిత్సలు కూడా ఖర్చును పెంచేవే. మొదటి సైకిల్‌లోనే పీఆర్‌పీ (సొంత రక్తంలోని ప్లేట్‌లెట్లను ఎక్కించడం), ఈఆర్ఏ (గర్భాశయ పొర పరీక్ష), ఇంట్రాలిపిడ్ (కొవ్వు ద్రవం ఎక్కించడం), పిండాల జన్యు పరీక్ష అంటూ జాబితా ఇస్తే, "ఇది నాకెందుకు? ఇది చేయించుకోకపోతే నా అవకాశం ఎంత తగ్గుతుంది?" అని అడగండి. అందరికీ రొటీన్‌గా చేయడానికి వీటికి తగిన ఆధారాలు లేవని ఐరోపా సంతాన వైద్యుల సంఘం 2023లో ఇచ్చిన సిఫారసుల్లో స్పష్టంగా ఉంది. అవసరమున్నవారికి అవసరమే, కానీ కారణం చెప్పగలగాలి.

మనసు సంగతికి వస్తే, ఎవరికి చెప్పాలన్నది ముందు తేల్చుకోండి. నా సలహా: మీ వైపు ఒక్కరికి, వారి వైపు ఒక్కరికి. మీ అత్తగారికి చెప్పవలసివస్తే ఆ మాట మీ నోటి నుంచి కాకుండా ఆమె కొడుకు నోటి నుంచి రావాలి, మొదటి ప్రయత్నంలోనే ఫలించకపోవచ్చన్న మాటతో సహా రావాలి. మిగతావారు "ఏమన్నా విశేషమా?" అని అడిగినప్పుడు చెప్పడానికి ఒక వాక్యం ఇద్దరూ కలిసి సిద్ధం చేసుకోండి. "డాక్టరుగారి దగ్గర చూపించుకుంటున్నాం, ఉన్నప్పుడు మేమే చెబుతాం" అంటే చాలు. ప్రతిసారీ అదే వాక్యం అంటే అడిగేవారు నెమ్మదిగా మానేస్తారు. సీమంతాలు, బారసాలల పిలుపులకు ఇంజెక్షన్లు నడిచే నెలలో వెళ్లకపోతే తప్పేమీ కాదు. పసుపు కుంకుమలు, చీర పంపించి, తర్వాత వెళ్లి రావచ్చు.

ఉమ్మడి ఇంట్లో రహస్యాన్ని బయటపెట్టేది ఫ్రిజ్. చాలా ఇంజెక్షన్లను 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. తలుపు అరలో పెడితే తీసినప్పుడల్లా వేడి తగులుతుంది, ఫ్రీజర్‌కు ఆనిస్తే గడ్డకట్టి పాడవుతుంది. మధ్య అరలో, గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో, పైన కరివేపాకు కవరు పెట్టి దాచుకున్న అమ్మాయిలను చూశాను. అందులో నవ్వుకోవడానికేమీ లేదు. వేలకు వేలు పోసి కొన్న మందు అది. ప్రయాణంలో ఐస్ ప్యాక్ ఉన్న డబ్బా అడగండి, ఫార్మసీవారే ఇస్తారు. ఇంజెక్షన్ చేసుకోవడం మీవారు కూడా నేర్చుకోవాలి. సాయంత్రం ఏడింటికి పొట్ట మీద ఆ చిన్న సూది గుచ్చేది భర్త అయితే, చికిత్స భార్య ఒక్కదానిదే అన్న భావన చాలావరకు పోతుంది.

మీవారి వీర్యపరీక్ష గురించి మీరు ఒక్క ముక్క కూడా రాయలేదు. సంతానలేమి కేసుల్లో దాదాపు సగం దాకా పురుషుని కారణం కూడా కలిసి ఉంటుంది. పరీక్ష చేయించి ఏడాది దాటితే మళ్లీ చేయించండి. రిపోర్టులో తేడా ఉంటే ఆయనకు కూడా మాట్లాడే మనిషి కావాలి. మగవారు ఈ విషయంలో నోరు విప్పరు, ఆఫీసులో పని పెంచుకుని దాక్కుంటారు. ఆయన మౌనాన్ని పట్టించుకోకపోవడంగా మీరు అర్థం చేసుకుంటే గొడవలు అక్కడే మొదలవుతాయి.

ట్రాన్స్‌ఫర్ తర్వాతి రెండు వారాలు అన్నిటికన్నా కఠినం. మంచం దిగకుండా పడుకోవలసిన అవసరం లేదు; మామూలు పనులు, తేలికపాటి నడక వల్ల పిండం జారిపోదు. ఇంట్లో కిట్‌తో ముందే చూసుకోవద్దు. గర్భధారణ హార్మోన్ అయిన హెచ్‌సీజీ ఇంజెక్షన్ ఒంట్లో ఉన్నంతకాలం తప్పుడు పాజిటివ్ రావచ్చు, తొందరపడితే తప్పుడు నెగెటివ్ రావచ్చు. కొంచెం రక్తం కనబడగానే అయిపోయిందనుకుని మందులు ఆపకండి, డాక్టరుకు ఫోన్ చేయండి. బీటా హెచ్‌సీజీకి (గర్భం నిలిచిందో లేదో చెప్పే పరీక్షకు) రక్తం ఇచ్చే రోజును ఇద్దరికీ సెలవున్న రోజుకు మార్చుకోగలరేమో చూడండి. ఈ రోజుల్లో రిపోర్టు వాట్సాప్‌లో వస్తుంది, అది ఆఫీసు క్యాంటీన్‌లో లైన్‌లో నిలబడి ఉండగా తెరవవలసిన సందేశం కాదు. ఎవరి ఫోన్‌కు రావాలో, ఎవరు తెరవాలో ముందే అనుకోండి.

నెగెటివ్ వస్తే కనీసం ఒక ఋతుచక్రం వరకు డబ్బు నిర్ణయమేదీ తీసుకోకండి. డాక్టరుతో సమీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకుని, ఈసారి ఎక్కడ తేడా వచ్చింది, మళ్లీ చేస్తే ఏమి మారుస్తారని అడగండి. "ఏమీ మార్చం, అదృష్టం చూద్దాం" అన్నది జవాబైతే రెండో అభిప్రాయం తీసుకోండి. నిద్ర పట్టకపోవడం, తిండి సయించకపోవడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం రెండు వారాలు దాటి కొనసాగితే దాన్ని సహజ దుఃఖమని వదిలేయకూడదు. కేంద్ర ప్రభుత్వపు మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ 14416 నంబరులో తెలుగులోనే మాట్లాడవచ్చు, ఖర్చు లేదు. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రెండు వారాలు కూడా ఆగకుండా అదే రోజు ఫోన్ చేయండి. పాజిటివ్ వచ్చి తర్వాత గర్భం పోతే, మీరు ఉద్యోగిని కాబట్టి, అర్హత ఉంటే గర్భస్రావానికి ఆరు వారాల వేతన సెలవు చట్టం ఇచ్చిన హక్కు, అడిగి తీసుకోండి.

ఆగే చోటు అని మొదట అన్నాను. మీ ఆదాయానికి, వయసుకు నేను సూచించేది ఒక పూర్తి సైకిల్, అందులో వచ్చిన పిండాలన్నిటి ట్రాన్స్‌ఫర్, అవసరమైతే రెండో సైకిల్ ఒకటి, మొత్తం ఆరేడు లక్షలకు మించకుండా, రెండేళ్లలో. మీ అంకె వేరు కావచ్చు, కానీ ఒక అంకె ఉండాలి. ఆ కాగితం మీదే దాని తర్వాత దారి కూడా రాసుకోండి. దాత అండానికి మీరిద్దరూ ఒప్పుకుంటారా? దాత నమోదైన ఏఆర్‌టీ బ్యాంకు (దాతలను సమకూర్చే సంస్థ) ద్వారానే రావాలి, 23 నుంచి 35 ఏళ్ల మధ్య ఉండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఆమె బీమా ఖర్చు మీ లెక్కలోకి వస్తుంది. దత్తతకు ఒప్పుకుంటారా? రెండేళ్లలోపు బిడ్డకైతే దంపతుల వయసుల మొత్తం 85 దాటకూడదు, ప్రభుత్వ సంస్థ కారా ద్వారా నమోదయ్యాక ఏళ్ల తరబడి ఎదురుచూడవలసి ఉంటుంది. అందుకే అన్నీ అయిపోయాక ఆలోచిద్దామంటే ఆలస్యమవుతుంది.

చివరగా, మొదటి రోజు మీ ముందు పెట్టే సమ్మతి పత్రాల కట్టను అక్కడికక్కడే సంతకం చేసి ఇవ్వకండి, ఇంటికి తెచ్చుకుని చదవండి. మిగిలిన పిండాలను ఎంతకాలం నిల్వ ఉంచాలి, ఇద్దరిలో ఒకరికి ఏదైనా జరిగితే వాటినేం చేయాలి అన్న ప్రశ్నలు అందులో ఉంటాయి. ఏఆర్‌టీ చట్టం నిల్వకు పదేళ్ల వరకే అనుమతిస్తుంది. ఆ పేజీ దగ్గర ఇద్దరూ ఆగి మాట్లాడుకోగలిగితే, మీరు అడిగిన ప్రశ్నకు జవాబు మీకే తెలుస్తుంది. మాట్లాడలేకపోతే, ఆ ఆసుపత్రి కౌన్సెలర్ దగ్గర ఒక గంట అడగండి. కౌన్సెలింగ్ ఇవ్వడం ఆ చట్టం ప్రకారం కేంద్రం బాధ్యతే.